పింఛనుతో అమెరికా వెళ్లే పెద్దలకు: చేయవలసినవి - చేయకూడనివి

ఉద్యోగ విరమణ తర్వాత కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో అమెరికా వెళ్లి ఉండిపోయే తెలుగువారు ఎందరో. రాబడి రూపాయల్లో, ఖర్చు డాలర్లలో. ఒక్క ఆసుపత్రి బిల్లు ఏళ్ల పొదుపును ఊడ్చేయగలదు. ఒక్క గడువు తేదీ దాటితే మనవళ్లను మళ్లీ చూడటానికి ఏళ్లు పట్టవచ్చు. అన్నీ పిల్లలే చూసుకుంటారులే అనుకోవడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మీ కాగితాలు, మీ మందులు, మీ డబ్బు సంగతి మీకు తెలిసి ఉండాలి, మీ చేతికి అందేలా ఉండాలి. విజిటర్ వీసా నియమాలు వేరు, గ్రీన్ కార్డు నియమాలు వేరు. మీది ఏదో ముందు తేల్చుకుని ఈ సూచనలు పాటించండి.

చేయవలసినవి

బయలుదేరే ముందు

- పళ్లు, కళ్లు, చెవులు ఇక్కడే చూపించుకోండి. అక్కడ ఖర్చు ఎక్కువ, విజిటర్ బీమా సాధారణంగా వీటిని భరించదు.
- అదనంగా ఒక కళ్లజోడు చేయించుకుని వేరే సంచిలో పెట్టుకోండి.
- మందుల చీటీని జెనరిక్ పేర్లతో, ఇంగ్లీషులో రాయించుకోండి; మన బ్రాండు పేర్లు అక్కడి మందుల షాపులో తెలియవు.
- 3 నెలలకు మించకుండా, కంపెనీ ప్యాకింగు విప్పకుండా మందులు తీసుకెళ్లండి.
- రోజువారీ మాత్రలు, ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉంచుకోండి. సూట్‌కేసు ఒక్కోసారి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది.
- టికెట్టు కొన్నప్పుడే వీల్‌చెయిర్ కావాలని నమోదు చేయించండి.
- విమానంలో గంటకోసారి లేచి నడవండి, నీళ్లు తాగుతూ ఉండండి. లేకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు.
- ఇక్కడి ఆరోగ్య బీమా ప్రీమియం కడుతూనే ఉండండి. తిరిగి వచ్చాక ఆ వయసులో కొత్త పాలసీ దొరకడం కష్టం.

కాగితాలు

- దిగిన వారంలోపే మీ ఐ-94 (అమెరికాలో ప్రవేశించిన రికార్డు) ఆన్‌లైన్‌లో తెరిపించి చూడండి; మీరు ఉండగలిగే చివరి తేదీ అందులోనిదే, వీసా స్టాంపు మీదిది కాదు.
- ఆ తేదీని కాగితం మీద పెద్ద అంకెల్లో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి.
- ఇంకా ఉండవలసి వస్తే గడువు ముగియకముందే ఐ-539 దరఖాస్తు పెట్టండి.
- గ్రీన్ కార్డును ఎప్పుడూ వెంట ఉంచుకోండి. 18 ఏళ్లు నిండినవారికి అది చట్టం.
- ఇల్లు మారిన 10 రోజుల్లోగా ఏఆర్-11 ఫారం ద్వారా కొత్త చిరునామా ఇమిగ్రేషన్ శాఖకు తెలపండి.
- ఇండియాలో ఏడాది లేదా అంతకు మించి ఉండవలసి వస్తే, అమెరికాలో ఉండగానే రీ-ఎంట్రీ పర్మిట్‌కు దరఖాస్తు చేయండి.
- పాస్‌పోర్టు, వీసా, బీమా కార్డు, మందుల చీటీ ఫొటోలు మీ ఫోనులోనూ నమ్మకమైన మరొకరి ఫోనులోనూ ఉంచండి.
- ఇంటి చిరునామా, పిల్లల ఫోన్ నంబర్లు రాసిన చీటీ జేబులో పెట్టుకోండి. ఫోను ఆగిపోతే అదే దిక్కు.

ఆరోగ్యం

- విమానం ఎక్కే రోజు నుంచే అమల్లోకి వచ్చే విజిటర్ బీమా తీసుకోండి.
- పాత జబ్బులకు ఆ పాలసీ ఎంతవరకు వర్తిస్తుందో చదివించుకోండి. బీపీ, షుగరు ఉన్నవారికి చిక్కు వచ్చేది అక్కడే.
- మరణిస్తే భౌతిక కాయాన్ని స్వదేశానికి పంపే ఖర్చు పాలసీలో ఉందో లేదో చూసుకోండి.
- గుండెనొప్పి, మూతి వంకర, మాట తడబాటు, ఊపిరాడకపోవడం కనిపించిన నిమిషంలోనే 911కు ఫోన్ చేయండి.
- ముందు చిరునామా చెప్పండి, తర్వాత విషయం చెప్పండి; ఇంగ్లీషు రాకపోతే "తెలుగు" అని చెప్పి లైనులోనే ఉండండి.
- జ్వరం, దగ్గు, చిన్న గాయాలకు అర్జెంట్ కేర్‌కు వెళ్లండి. ఎమర్జెన్సీ కన్నా ఖర్చు చాలా తక్కువ.
- ప్రాణం మీదికి వస్తే డబ్బు సంగతి పక్కన పెట్టి ఎమర్జెన్సీకే వెళ్లండి. డబ్బు ఉన్నా లేకున్నా పరీక్షించి, పరిస్థితి కుదుటపరచాలని 1986 నాటి చట్టం చెబుతోంది.
- ఆసుపత్రిలో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను అడగండి. ఫోనులోనైనా ఉచితంగా ఏర్పాటు చేస్తారు.
- బిల్లు వస్తే పద్దులవారీ వివరం, ఆర్థిక సాయం దరఖాస్తు, రెండూ అడగండి.
- మెడికేర్ ఖర్చు ముందే లెక్కేసుకోండి; 65 ఏళ్లు నిండి, గ్రీన్ కార్డుతో వరసగా 5 ఏళ్లు ఉన్నాకే అర్హత, అక్కడ ఉద్యోగం చేయనివారు ప్రీమియం కట్టుకోవాలి.

డబ్బు

- పింఛను ఆగకుండా ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వండి. కేంద్ర పెన్షనర్లకు నవంబరు, 80 దాటినవారికి అక్టోబరు 1 నుంచే వీలుంటుంది.
- రాష్ట్ర పెన్షనర్లు తమ గడువును ఖజానా కార్యాలయంలో కనుక్కుని వెళ్లండి.
- విదేశం నుంచి ఆ పత్రం ఎలా ఇవ్వాలో బ్యాంకును అడిగి రాసుకోండి. భారత కాన్సులేట్ ద్వారా ఇచ్చే మార్గం ఉంది.
- బ్యాంకుకు ఇచ్చిన ఇండియా నంబరుకు రీచార్జి చేయిస్తూ ఉండండి. ఓటీపీ రాకపోతే మీ డబ్బు మీకే అందదు.
- అక్కడే స్థిరపడితే సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించండి. ఇది విదేశీ మారక చట్టం (ఫెమా) నియమం.
- గ్రీన్ కార్డున్నవారు ఇండియా పింఛను, వడ్డీ, అద్దె అమెరికా పన్ను రిటర్నులో చూపండి. మినహాయింపులను ఆడిటరు చేత తేల్చుకోండి.
- ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) దాఖలు చేయండి. ఫిక్సెడ్ డిపాజిట్లూ లెక్కలోకి వస్తాయి.
- పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే ఏ పనికో, ఎప్పటిదాకానో రాసి కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించండి; పత్రం ఇండియా చేరిన 3 నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించండి.
- ఏడాదికోసారి మీ ప్లాటుకు ఈసీ తీయించండి, హద్దురాళ్లు ఉన్నాయో లేదో మనిషిని పంపి చూపించండి.
- తిరుగు టికెట్టుకు సరిపడే డబ్బు మీరు తప్ప ఎవరూ తీయలేని ఖాతాలో ఉంచండి.

ఇంట్లో

- తాలింపు పెట్టే ముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. ఎండుమిర్చి మాడిన పొగ చాలు, అలారం మోగుతుంది.
- మూకుడులో నూనె అంటుకుంటే పొయ్యి కట్టేసి మూత పెట్టండి.
- దీపాన్ని లోహపు పళ్లెంలో, తెరలకు దూరంగా వెలిగించండి. అక్కడి ఇళ్లు ఎక్కువగా చెక్కతో కట్టినవి.
- స్నానాల గదిలో చేతికి పట్టు దొరికే కడ్డీ, కాలు జారని చాప పెట్టించుకోండి.
- తాళం, అలారం కోడ్, పొయ్యి, హీటరు వాడకాన్ని మొదటి వారంలోనే స్వయంగా చేసి నేర్చుకోండి.

వీధిలో

- రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమవైపు చూడండి. అక్కడ వాహనాలు కుడిపక్కన నడుస్తాయి, మొదటి బండి ఎడమ నుంచే వస్తుంది.
- గీతలున్న చోట, నడిచేవారి సిగ్నల్ పడ్డాకే దాటండి.
- చలికాలంలో పట్టున్న బూట్లు వేసుకోండి. రోడ్డు మీద పలచగా కట్టిన మంచుగడ్డ కంటికి ఆనదు.
- వెనక సీటులోనూ బెల్టు పెట్టుకోండి.
- పోలీసులు కారు ఆపితే చేతులు కనపడేలా ఉంచి, లోపలే కూర్చోండి.

మనుషులతో

- ఖర్చులు, ఇంటిపని, మనవళ్ల బాధ్యత, తిరుగు ప్రయాణం గురించి టికెట్టు కొనకముందే కొడుకూకోడళ్లతో, కూతురూఅల్లుళ్లతో మాట్లాడుకోండి.
- దగ్గరలోని పబ్లిక్ లైబ్రరీకి వెళ్లండి. చాలాచోట్ల ఇంగ్లీషు తరగతులు ఉచితం.
- గుడికీ తెలుగు సంఘం కార్యక్రమాలకూ వెళ్తూ ఉండండి. ఒంటరితనానికి అంతకన్నా చవకైన మందు లేదు.
- ఎవరింటికైనా ఫోన్ చేసి, రమ్మన్నాకే వెళ్లండి.
- ఇతరుల పిల్లలకు ఏదైనా పెట్టే ముందు వాళ్ల అమ్మానాన్నలను అడగండి. వేరుశనగ పలుకు కూడా కొందరికి ప్రాణాంతకం.
- దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే డాక్టరుకు చెప్పండి. బతకాలని లేదనిపిస్తే వెంటనే 988కు ఫోన్ చేయండి.
- ఇంట్లోవారే కొట్టినా, తిండి పెట్టకపోయినా, పాస్‌పోర్టు దాచినా 911కూ భారత కాన్సులేట్‌కూ తెలపండి.

చేయకూడనివి

బయలుదేరే ముందు

- పచ్చి కరివేపాకు, పండ్లు, విత్తనాలు, కోడి పచ్చడి, మటన్ పచ్చడి సూట్‌కేసులో పెట్టకండి. కరివేపాకు వెంట నిమ్మ జాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు వెళ్లవచ్చు.
- తిండి సామాను ఉండగా కస్టమ్స్‌లో లేదని చెప్పకండి. వస్తువు పోవడమే కాదు, జరిమానా పడుతుంది.
- దుబాయ్, అబూదాబీల మీదుగా వెళ్తుంటే గుప్పెడు గసగసాలైనా పెట్టుకోకండి. అక్కడ అవి నిషిద్ధం.
- ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు చీటీ లేకుండా తీసుకెళ్లకండి; అవి అమెరికాలో నియంత్రిత మందులు.
- అనాల్జిన్, నిమెసులైడ్ వెంట తీసుకెళ్లకండి. అమెరికాలో వాటికి అనుమతి లేదు.
- ఎంత దగ్గరివారు ఇచ్చినా, విప్పి చూడని పార్సిల్ మోయకండి.
- 10,000 డాలర్లకు మించిన నగదును చెప్పకుండా తీసుకెళ్లకండి.
- ఉన్న ఇల్లు అమ్మేసి వెళ్లకండి. ఒక చలికాలం అక్కడ గడిపాక నిర్ణయించుకోండి.

కాగితాలు

- ఐ-94 గడువును ఒక్కరోజు కూడా దాటనివ్వకండి. 180 రోజులు మించితే 3 ఏళ్లు, ఏడాది నిండితే 10 ఏళ్లు మళ్లీ రానివ్వరు.
- ఇమిగ్రేషన్ అధికారికి అబద్ధం చెప్పకండి; అడిగినదానికే సూటిగా జవాబివ్వండి.
- విజిటర్ వీసాపై డబ్బు తీసుకుని ఇతరుల పిల్లలను చూడకండి, వంటలు చేసి అమ్మకండి. అది అనుమతి లేని ఉద్యోగం.
- గ్రీన్ కార్డు పెట్టుకుని ఏడాదికోసారి మొహం చూపించి రాకండి; 6 నెలలు దాటిన ప్రతిసారీ ప్రశ్నలు ఎదురవుతాయి.
- విమానాశ్రయంలో ఐ-407పై అర్థం కాకుండా సంతకం పెట్టకండి. అది గ్రీన్ కార్డును వదులుకుంటున్నట్టు రాసిచ్చే పత్రం.
- లైసెన్సు ఆఫీసులో ఓటరు నమోదు గడిలో టిక్కు పెట్టకండి. పౌరులు కానివారిని అందుకు దేశం నుంచి పంపేయవచ్చు.
- లాయరు కాని "కన్సల్టెంటు" చేతికి వీసా దరఖాస్తు అప్పగించకండి.

ఆరోగ్యం

- డోలో 650 వేసుకుని, మళ్లీ టైలెనాల్ వేసుకోకండి. రెండింటిలోనూ ఉన్నది పారాసిటమాలే, మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది.
- మందులు ఎక్కువ రోజులు రావాలని మాత్రను సగం చేసి వేసుకోకండి.
- పిల్లలు వాడగా మిగిలిన యాంటీబయాటిక్, స్నేహితుల బీపీ మాత్ర వాడకండి.
- ఇండియా నుంచి కొరియర్‌లో మందులు వస్తాయన్న ధీమాతో ఉండకండి, కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు.
- భస్మాలు, పేరు లేని పొడులు వాడకండి. కొన్నింటిలో సీసం, పాదరసం బయటపడ్డాయి.
- పిల్లలు ఆఫీసు నుంచి వచ్చేదాకా గుండెనొప్పిని ఓర్చుకోకండి.
- డాక్టరు మాటలకు మనవడిని దుబాసీగా పెట్టుకోకండి. చిన్నపిల్లల చేత చెప్పించకూడని సంగతులుంటాయి.
- ఆసుపత్రి బిల్లును పక్కన పడేయకండి. జవాబివ్వకపోతే వసూలు ఏజెన్సీకి వెళ్తుంది.

డబ్బు

- పీఎఫ్, గ్రాట్యుటీ మొత్తం పిల్లల ఇంటి అడ్వాన్సుకు ఇచ్చేయకండి.
- ఖాళీ కాగితం మీద, చదవని స్టాంపు పేపరు మీద సంతకం చేయకండి.
- ఓటీపీ, ఆధార్, సోషల్ సెక్యూరిటీ నంబరు ఫోనులో ఎవరికీ చెప్పకండి.
- పోలీసులమనీ, పన్ను అధికారులమనీ బెదిరించేవారి మాట నమ్మకండి. "డిజిటల్ అరెస్ట్" అనేది ఏ చట్టంలోనూ లేదు.
- గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పమంటే చెప్పకండి. ఏ ప్రభుత్వమూ అలా వసూలు చేయదు.
- ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చుకుని పండూ పాలూ మందూ మానుకోకండి.

ఇంట్లో

- వంట పొగకు మోగుతోందని అలారం బ్యాటరీ తీయకండి. రాత్రి నిజంగా మంటలొస్తే లేపేది అదొక్కటే.
- మండే నూనె మీద నీళ్లు పోయకండి.
- చెక్క బాల్కనీలో కార్తీక దీపాలు పెట్టకండి, అగరుబత్తి వెలుగుతుండగా బయటికి వెళ్లకండి.
- బొగ్గుల కుంపటి ఇంట్లో వెలిగించకండి, గ్యారేజీలో కారు ఇంజను ఆన్‌లో ఉంచకండి. వాసన లేని విషవాయువు చంపేస్తుంది.
- ఎవరో తెలియకుండా తలుపు తీయకండి.
- మనవళ్లను కారులో గాని, నీటి తొట్టి దగ్గర గాని, ఈతకొలను దగ్గర గాని నిమిషమైనా ఒంటరిగా వదలకండి.
- పిల్లల మీద చేయి చేసుకోకండి. దెబ్బ కనబడితే బడివారు ప్రభుత్వానికి తెలపాల్సిందే.

వీధిలో

- పూజకని పొరుగువారి ఆవరణలో పూలు కోయకండి. అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరం, కొందరి ఇళ్లలో తుపాకులుంటాయి.
- పార్కుల్లో మొలిచిన ఆకుకూరలు తెంపి వండకండి. మందులు చల్లి ఉంటారు.
- ముద్దొచ్చినా ఇతరుల పిల్లలను ఎత్తుకోకండి, ఫొటో తీయకండి.
- పోలీసులు ఆపినప్పుడు కారు దిగకండి, జేబులో చేయి పెట్టకండి, డబ్బు ఇవ్వజూపకండి.
- మంచు కురిసే రోజున ఫోను లేకుండా నడకకు వెళ్లకండి.

మనుషులతో

- కొత్తవారిని వయసు, జీతం, కులం, పిల్లల పెళ్లి గురించి అడగకండి.
- ఒంటి రంగు గురించి, లావు గురించి తెలుగులోనైనా వ్యాఖ్యానించకండి.
- కొడుకూకోడళ్ల గొడవలో తీర్పు చెప్పకండి.
- ఇక్కడి చుట్టాలకు ఆ ఇంటి సంగతులు ఫోనులో మోయకండి.
- రోజంతా టీవీ ముందు, ఫోను ముందు గడపకండి.
- మనసు బాగాలేదన్న మాట దాచుకోకండి.
- తిరిగి వెళ్తానని చెప్పడానికి మొహమాటపడకండి. అక్కడ ఉండటం మీ ఇష్టమైనట్టే, రావడమూ మీ హక్కు.