కిరణచికిత్సయు దాని అనంతర ఫలములును

చికిత్స యనగా వ్యాధిని పోగొట్టునది యని మన మెరుగుదుము. ఒక వ్యాధిని పోగొట్టిన చికిత్సయే ఇరువది ముప్పది సంవత్సరముల పిదప వేరొక వ్యాధికి కారణమగుట వింతగా తోచును. క్యాన్సరు వైద్యమున ఇట్టిది నిజముగా జరిగినది.

1895లో జర్మనీ దేశమున రాంట్జెన్ పండితుడు ఎక్స్ కిరణములను కనుగొనెను. 1898లో పారిసు నగరమున క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. ఈ కిరణములకు కంతులను కరగించు శక్తి కలదని వైద్యులు త్వరలోనే గ్రహించిరి. అవి ఆరోగ్యముగల అవయవములను గూడ చెరచునని తెలియుటకును ఎక్కువ కాలము పట్టలేదు. ఎక్స్ కిరణముల నాళికలతో పనిచేయుచుండిన ఒకని చేతిపై క్యాన్సరు పుట్టినదని 1902లోనే జర్మనీలో ఒక వైద్యుడు ప్రకటించెను. అయినను వేరు దారి లేనప్పుడు మనుజుడు కత్తిని పదునువైపుననైనను పట్టుకొనును. దీనికి తార్కాణముగా ఒక వృత్తాంతమును చెప్పెదను.

పిల్లలకు వచ్చు తీవ్రమైన రక్త క్యాన్సరు ఒకప్పుడు మరణశాసనమువంటిది. అమెరికాలోని మెంఫిస్ నగరమున సెయింట్ జూడ్ అను పిల్లల వైద్యశాలను 1962లో తెరచునాటికి ఆ వ్యాధి సోకిన బిడ్డలలో నూటికి నలుగురు మాత్రమే బ్రతికి బయటపడుచుండిరి. మందులు లేకపోలేదు. మన భీమవరమున 1895లో, అనగా ఎక్స్ కిరణములు బయటపడిన సంవత్సరముననే, జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోయి లెడర్లీ పరిశోధనాలయమున తమ సహచరులతో ఒక మందును సిద్ధపరచిరి. దానిని సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు బోస్టనులో పిల్లలకిచ్చి, వ్యాధి కొంతకాలము అణగుటను 1948లో లోకమునకు వెల్లడించెను. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. మెథోట్రెక్సేటు అను మందును ఆ పరిశోధనాలయమునుండియే వెలువడినది.

మందులతో బిడ్డ కోలుకొనుచుండెను, ఆటలాడుచుండెను, తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకొనుచుండిరి. కొన్ని మాసములకు తలనొప్పి, వాంతులు మొదలగుచుండెను. వ్యాధి మరల వచ్చినది! అది ఎచ్చటనుండి వచ్చినది? రక్తమునుండి మెదడునకు కనబడని కట్టడి యొకటి కలదు. అది మెదడునకు రక్షణయే. కాని మందులను గూడ లోనికి పోనీయదు. ఆ కట్టడి చాటున, మెదడును కప్పిన పొరలలో, క్యాన్సరు కణములు దాగియుండెను.

డొనాల్డ్ పింకెల్ అను వైద్యుడు ఆ దాగినచోటనే శత్రువును కొట్టవలెనని నిశ్చయించెను. 1967 చివర ప్రారంభించిన చికిత్సలో బిడ్డల తలకు కొన్ని వారములపాటు కొలదికొలదిగా 2400 రాడ్ల కిరణము లిచ్చి, వెన్నులోని ద్రవమునకు సూదితో మెథోట్రెక్సేటును ఎక్కించిరి. ఆ చికిత్స పొందినవారిలో దాదాపు సగముమంది బ్రతికిరి. నూటికి నలుగురెక్కడ, సగముమంది ఎక్కడ! అనేక దేశములలో ఈ పద్ధతి వ్యాపించెను.

ఆ బిడ్డలు పెరిగి బడులకు పోయిన పిదప తక్కిన సంగతి తెలిసినది. కొందరికి చదివినది జ్ఞాపకముండదు. లెక్కలు చేయుటలో తోటివారికంటె వెనుకబడుదురు. మెదడు క్రింద నుండు పీయూషగ్రంథి కిరణములచే దెబ్బతినుటచే కొందరు పొట్టిగా నిలిచిపోయిరి. ఎంత చిన్న వయస్సున కిరణములు తగిలిన అంత ఎక్కువ హాని. ఇట్టి విద్యార్థిని మందమతి యని నిందించిన ఉపాధ్యాయులును ఉండియుందురు; అది ఎంత అన్యాయము!

అంతకంటె ఆలస్యముగా వచ్చినవి కంతులు. కిరణము కణములోనికి చొచ్చి డి.ఎన్.ఏ. అను సూక్ష్మమైన దారమును తెంచును. క్యాన్సరు కణములకు ఆ దారమును అతుకుకొను నేర్పు తక్కువ గనుక అవి ఎక్కువగా చచ్చును. మంచి కణములు అతుకుకొని బ్రతుకును. కాని ఎక్కడనో ఒకచో అతుకు తప్పుగా పడవచ్చును. పూర్వము తాళపత్రములకు ప్రతులు వ్రాయువాడు ఒక యక్షరము తప్పు వ్రాసినచో, ఆ ప్రతిని చూచి వ్రాసిన ప్రతులన్నిటిలోను ఆ తప్పు నిలుచును. వానికి క్రొత్త తప్పులును చేరును. కణమును అట్లే. అది రెండుగా, నాలుగుగా చీలునప్పుడెల్ల ఆ దోషము సంతానమునకు సంక్రమించును. మరికొన్ని దోషములు తోడైననే గాని కంతి పుట్టదు. అందుచేతనే ఈ దీర్ఘకాల విలంబము. మెదడు పొరలనుండి పుట్టు కంతులు తరచుగా ఇరువది యేండ్లకు పైబడి కనబడును. వానిలో పెక్కు క్యాన్సరు కావు. అయినను శస్త్రచికిత్స అవసరము కావచ్చును.

అమెరికాలో ఈ రక్త క్యాన్సరునకు చికిత్స పొందిన 9720 మంది బిడ్డల చరిత్రలను పరిశీలించి 1991లో ఒక నివేదిక ప్రకటించిరి. 43 మందికి రెండవ వ్యాధి పుట్టెను. వారిలో 24 మందికి అది మెదడు మొదలైన నాడీమండల భాగములలో కలిగినది. సామాన్యముగా అంతమంది పిల్లలలో ఒకరికి మాత్రమే అట్టిది రావలసియుండెను. ఆ 24 మందియు కిరణచికిత్స పొందినవారే.

ఇది చూచి పింకెల్ మొదలైనవారిని తప్పు పట్టుట నాకు సమ్మతము కాదు. ఆ కిరణములు లేనిచో ఆ బిడ్డలలో పెక్కుమంది ఈ అనంతర ఫలములను అనుభవించుటకు జీవించియే యుండరు. వైద్యులును ఊరక కూర్చుండలేదు. మొదట మోతాదును 1800 రాడ్లకు, పిదప ఇంకను తక్కువకు దించిరి. తరువాత వ్యాధి ప్రబలమైనవారికి మాత్రమే కిరణము లిచ్చిరి. తుదకు సెయింట్ జూడ్ వైద్యశాలలోనే 2000 నుండి 498 మంది బిడ్డలకు తలకు కిరణములు లేకుండ, మందులతోనే చికిత్స చేసి, అయిదేండ్లకు నూటికి 93 మందికి పైగా జీవించియుండిరని 2009లో తెలిపిరి. కిరణముల స్థానమును ఆక్రమించిన మందులలో ముఖ్యమైనది మెథోట్రెక్సేటు. దానికిని దోషములు లేకపోలేదు. కాని అది మెదడులో కంతులను పుట్టించునది కాదు.

ఆనాడు తలకు కిరణములు పొందిన బిడ్డలలో జీవించియున్నవారు నేడు అరువది యేండ్ల ప్రాంతమువారు. వారిని మరల పిలిపించి, తల, గ్రంథులు, గుండె, జ్ఞాపకశక్తి పరీక్షించుచు, కనుగొన్నదానిని వ్రాసియుంచుట ఆ వైద్యశాలలో ఇప్పటికిని సాగుచునే యున్నది.