ముందు డేటా.. తర్వాతే మరమ్మతు!

రెయిడ్ కంట్రోలర్ సమస్యలు తేల్చగల నైపుణ్యంతో సిస్టమ్ అడ్మిన్, స్టోరేజ్, డేటా సెంటర్ కొలువుల వైపు

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక స్టూడియో ఉందనుకోండి. అక్కడి డెస్క్‌టాప్‌లో నాలుగు హార్డ్‌డిస్కులను ఒక రెయిడ్ కార్డుకు కలిపి, ఒకే పెద్ద డ్రైవ్‌గా వాడుతున్నారు. ఒకరోజు ఉదయం ఆ కార్డును చూసుకునే మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే జాబితా ఖాళీగా ఉంది. కంట్రోలర్ (అంటే ఆ కార్డే) లేదు, డిస్కులు లేవు. యజమాని కంగారుగా సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేశాడు. అక్కడికి వెళ్లిన ఇంజినీర్ తొలి పది నిమిషాల్లో ఏం చేస్తాడన్న దాని మీదే ఎన్నో కుటుంబాల వీడియోలు మిగలడమో పోవడమో ఆధారపడి ఉంటుంది.

హార్డ్‌వేర్, సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ రంగాల్లో స్థిరపడాలనుకునే విద్యార్థులు ఆ పది నిమిషాల కోసం సిద్ధం కావాలి. విండోస్ ఎక్కించడం, ప్రింటర్ కలపడం చాలామందికి వచ్చు. డేటాకు హాని లేకుండా లోపం ఏ అంచెలో ఉందో తేల్చగలగడం కొందరికే వస్తుంది. ఉద్యోగంలో ఎదుగుదల ఆ కొందరిదే.

రెయిడ్ ఎందుకు?

1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీకి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఒక పరిశోధన పత్రం వెలువరించారు. ఖరీదైన ఒక పెద్ద డిస్కు బదులు చవకైన చిన్న డిస్కులను కలిపి వాడితే వేగం పెరుగుతుందని, కొంత అదనపు సమాచారం దాచుకుంటే ఒక డిస్కు పోయినా డేటా నిలుస్తుందని అందులో వివరించారు. రెయిడ్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది.

4 టీబీ డిస్కులు నాలుగు ఉన్నాయనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. రెయిడ్ 0లో 16 టీబీ మొత్తం వాడుకోవచ్చు గానీ ఒక్క డిస్కు పోతే అంతా పోయినట్టే. రెయిడ్ 5లో 12 టీబీ దక్కుతుంది, ఒక డిస్కు పోయినా పని సాగుతుంది. రెయిడ్ 6లో 8 టీబీ దక్కుతుంది, ఏ రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది. రెయిడ్ 10లోనూ 8 టీబీయే. ఇందులో డిస్కులు జంటలుగా ఉంటాయి కాబట్టి ఒకే జంటలోని రెండూ పోతే మాత్రం డేటా దక్కదు. ఈ లెక్కను కాగితం లేకుండా చెప్పగలిగేదాకా సాధన చేయండి.

ఇంకో సంగతి. రెయిడ్ ఎన్నటికీ బ్యాకప్ కాదు. పొరపాటున చెరిపేసిన ఫైలు, వైరస్ పాడుచేసిన ఫైలు అన్ని డిస్కుల్లోనూ ఒకేలా పోతాయి.

ఐదు అంచెలు గుర్తుంచుకోండి

రెయిడ్ కార్డులను చూసుకునే సాఫ్ట్‌వేర్లు కంపెనీని బట్టి మారతాయి. మెగారెయిడ్ కార్డులకు మెగారెయిడ్ స్టోరేజ్ మేనేజర్, దాని తర్వాత వచ్చిన ఎల్‌ఎస్‌ఐ స్టోరేజ్ అథారిటీ ఉన్నాయి. అడాప్టెక్ కార్డులకు మ్యాక్స్‌వ్యూ, హెచ్‌పీఈ సర్వర్లకు స్మార్ట్ స్టోరేజ్ అడ్మినిస్ట్రేటర్ వాడతారు. పేర్లు వేరైనా అమరిక దాదాపు ఒకటే. అడుగున డిస్కులు, కేబుళ్లు, పవర్ ఉంటాయి. వాటిపైన కార్డు, అందులోని ఫర్మ్‌వేర్. మూడో అంచె ఆపరేటింగ్ సిస్టమ్‌లోని డ్రైవర్. నాలుగోది తెర వెనుక నడిచే సర్వీసు. అన్నిటికన్నా పైన మనకు కనిపించే విండో లేదా బ్రౌజర్ పేజీ.

డిస్కులను కలిపి నడిపేది కార్డులోని ఫర్మ్‌వేరే. పై రెండు అంచెలు పరిస్థితిని చూపించి, మన ఆదేశాలను కిందికి పంపుతాయి. అందువల్ల మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోనంత మాత్రాన డేటా పోయినట్టు కాదు. థర్మామీటరు పగిలితే రోగికి జబ్బు ముదిరిందని ఎవరూ అనుకోరు కదా! కొత్తవాళ్లు చేసే పెద్ద నష్టం ఇక్కడే జరుగుతుంది. పై అంచెలో లోపానికి అడుగు అంచెలో వైద్యం మొదలుపెడతారు. బాగున్న డిస్కులను ఊడదీసి, అర్రేను, అంటే డిస్కుల కూటమిని, మళ్లీ సృష్టించబోయి, ఉన్న డేటాను చేజేతులా పోగొడతారు.

లోపం తేల్చే వరస

మొదట డ్రైవ్ తెరుచుకుంటోందో లేదో చూడండి. ఫైళ్లు కనిపిస్తే అర్రే బతికే ఉంది. ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కుకు కాపీ చేయించండి. ఆ పని పూర్తయ్యేదాకా మరే ప్రయోగమూ వద్దు.

రెండోది, డివైస్ మేనేజర్‌లో స్టోరేజ్ కంట్రోలర్ల కింద కార్డు పేరు ఉందేమో చూడండి. పసుపు హెచ్చరిక గుర్తు ఉంటే డ్రైవర్‌ను అనుమానించాలి. పేరే లేకపోతే కార్డు, స్లాటు, బయోస్ సెట్టింగుల వైపు వెళ్లాలి.

మూడోది కమాండ్ లైన్ పరికరం. మెగారెయిడ్‌కు స్టోర్‌సీఎల్‌ఐ, అడాప్టెక్‌కు ఆర్క్‌కాన్ఫ్ ఉన్నాయి. వీటికి సర్వీసుతో పనిలేదు, నేరుగా డ్రైవర్‌తోనే మాట్లాడతాయి. అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడిపి చూడండి. కంట్రోలర్ కనిపిస్తే లోపం పై రెండు అంచెల్లో ఉంది. కనిపించకపోతే కింది మూడింటిలో ఉంది. ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సిన చోటు దాదాపు సగానికి తగ్గిపోతుంది.

పై అంచెల్లోనే లోపమని తేలితే విండోస్ సర్వీసుల జాబితాలో ఆ సాఫ్ట్‌వేర్ సర్వీసు నడుస్తోందో లేదో చూడండి. ఆగి ఉంటే మొదలుపెట్టి, మళ్లీ ప్రయత్నించండి. తర్వాత ఫైర్‌వాల్. మెగారెయిడ్ స్టోరేజ్ మేనేజర్ 3071, స్టోరేజ్ అథారిటీ 2463, మ్యాక్స్‌వ్యూ 8443 పోర్టులు వాడతాయి. యాంటీవైరస్ మార్చినప్పుడు, విండోస్ అప్‌డేట్ అయినప్పుడు ఈ దారులు మూసుకుపోయే అవకాశం ఉంది.

చివరగా లాగిన్. ఈ సాఫ్ట్‌వేర్లు సాధారణంగా ఆపరేటింగ్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఖాతానే అడుగుతాయి. రోజూ నాలుగంకెల పిన్‌తో కంప్యూటర్ తెరిచేవారు ఇక్కడా అదే కొడతారు. ఇక్కడ అసలు పాస్‌వర్డే కావాలి. పాస్‌వర్డ్ పెట్టుకోని ఖాతాలతోనూ లోపలికి వెళ్లలేకపోవచ్చు.

తొందరపడకూడని బటన్లు

డిస్కులను వేరే కార్డుకు మార్చినప్పుడు, కేబుల్ వదులై తిరిగి కలిసినప్పుడు సాఫ్ట్‌వేర్ వాటిని ఫారిన్ కాన్ఫిగరేషన్ అని చూపించవచ్చు. అక్కడ ఇంపోర్ట్, క్లియర్ అని రెండు దారులుంటాయి. క్లియర్ నొక్కితే అర్రే అమరిక వివరాలు డిస్కుల మీంచి చెరిగిపోతాయి. డేటా కావాలనుకుంటే ముందు ప్రివ్యూ చూసి, అన్ని డిస్కులూ ఉన్నాయని నిర్ధారించుకున్నాకే ఇంపోర్ట్ చేయాలి. డ్రైవ్‌ను ఖాళీ చేసి సిద్ధపరిచే ఇనిషియలైజ్ మాట డేటా ఉన్న డ్రైవ్ విషయంలో తలపెట్టనే కూడదు.

రెండు మూడు డిస్కులు ఒకేసారి పోయినట్టు చూపిస్తే అవన్నీ కలిసి చెడిపోయాయని వెంటనే నమ్మకండి. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న కేబుల్, పవర్ కనెక్షన్‌ను ముందు చూడండి. రెయిడ్ 5లో ముందుగా జారిపోయిన డిస్కులో పాత సమాచారం ఉంటుంది. దాన్ని బలవంతంగా ఆన్‌లైన్‌కు తెస్తే కొత్త, పాత సమాచారం కలగలిసి డేటా పాడవుతుంది. ఏ డిస్కు ఎప్పుడు జారిందో ఈవెంట్ లాగ్ చెబుతుంది. అందుకే ఏది ముట్టుకునే ముందైనా ఆ లాగ్‌ను ఫైలుగా దాచుకోవాలి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కూడా బ్యాకప్ తర్వాతే.

డెస్క్‌టాప్‌లో వచ్చే చిక్కులు

రెయిడ్ కార్డుల్లో చాలావాటిని సర్వర్ల కోసం తయారుచేశారు. సర్వర్‌లో ముందు నుంచి వెనక్కి గాలి బలంగా వీస్తుంది. డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో అంత గాలి ఉండదు కాబట్టి కార్డు వేడెక్కి, మధ్యమధ్యలో మాయమవుతుంది. చిన్న ఫ్యాన్ అమర్చితే చాలాసార్లు సరిపోతుంది.

మదర్‌బోర్డులో పొడవాటి స్లాటు ఉన్నంత మాత్రాన అన్ని లేన్లూ (డేటా దారులు) ఉంటాయని అనుకోకూడదు. ఎనిమిది లేన్ల కార్డును నాలుగు లేన్ల స్లాటులో పెడితే వేగం తగ్గుతుంది. బూట్ సమయంలో పాత కార్డు మెనూ రాకపోతే బయోస్‌లో పాత తరహా బూట్‌కు తోడ్పడే సీఎస్‌ఎం ఆపేసి ఉందేమో చూడాలి.

డిస్కుల ఎంపిక కూడా ముఖ్యమే. మామూలు డెస్క్‌టాప్ డిస్కు చెడ్డ సెక్టారు తగిలితే దాన్ని చదవడానికి చాలాసేపు ప్రయత్నిస్తూ ఉండిపోతుంది. ఈలోగా అది చచ్చిపోయిందని కార్డు భావించి పక్కన పెట్టేస్తుంది. నాస్ తరగతి డిస్కులు సుమారు 7 సెకన్లలో ఆ ప్రయత్నం ఆపి, కార్డుకు సంగతి చెప్పేస్తాయి. అర్రే ఉన్నట్టుండి నెమ్మదిస్తే కార్డు బ్యాటరీని కూడా చూడండి. బ్యాటరీ బలహీనపడితే కార్డు ముందు తన మెమరీలో దాచుకుని రాసే రైట్ బ్యాక్ నుంచి నేరుగా డిస్కుకే రాసే రైట్ త్రూకు మారిపోతుంది. కరెంటు పోతే డేటా పోకుండా తీసుకునే జాగ్రత్త అది.

ఇంట్లోనే ల్యాబ్

డబ్బు ఖర్చు లేని దారి ఒకటుంది. వర్చువల్‌బాక్స్‌లో లైనక్స్ ఎక్కించి, నాలుగు వర్చువల్ డిస్కులు కలిపి, లైనక్స్‌లోని ఎమ్‌డీఏడీఎమ్ అనే పరికరంతో రెయిడ్ 5 నిర్మించండి. కొన్ని ఫైళ్లు వేసి, ఒక డిస్కును ఫెయిల్ చేసి, కొత్తది కలిపి రీబిల్డ్ ఎలా సాగుతుందో గమనించండి. తర్వాత రెండు డిస్కులు తీసేసి ఏమవుతుందో కూడా చూడండి.

వీలుంటే పాత డెస్క్‌టాప్‌కు సెకండ్‌హ్యాండ్ రెయిడ్ కార్డు, చిన్న డిస్కులు జతచేయండి. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి మార్కెట్లలో విచారించవచ్చు. సర్వీసు ఆపండి, పోర్టు మూసేయండి, కేబుల్ ఊడదీయండి. ఒక్కోసారి ఒక్క లోపమే కల్పించి, సాఫ్ట్‌వేర్ ఏం చూపించిందో, కమాండ్ లైన్ ఏం చెప్పిందో పక్కపక్కన రాసుకోండి.

చదువులు, సర్టిఫికెట్లు

పదో తరగతి తర్వాత ఐటీఐలో కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్ ట్రేడ్ ఉంది. పాలిసెట్ ద్వారా కంప్యూటర్, ఎలక్ట్రానిక్స్ డిప్లొమాల్లో చేరవచ్చు. సర్టిఫికెట్లలో కాంప్‌టియా ఏ ప్లస్ మొదటి మెట్టు, ఇందులో రెండు పరీక్షలుంటాయి. సర్వర్లపై దృష్టిపెట్టేవారికి సర్వర్ ప్లస్ ఉంది. లైనక్స్ వైపు వెళ్లేవారికి రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ విలువైనది. అందులో సిస్టమ్ ముందు కూర్చుని పనిచేసి చూపించాలి. ఫీజు కట్టే ముందు తెలంగాణలో టాస్క్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎస్‌ఎస్‌డీసీ అనే నైపుణ్య సంస్థల శిక్షణ అవకాశాలు కనుక్కోండి.

అవకాశాలు ఎక్కడ?

డెస్క్‌టాప్ సపోర్ట్ ఇంజినీర్‌గా మొదలై సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, స్టోరేజ్ ఇంజినీర్ దాకా ఎదగవచ్చు. డేటా రికవరీ, సర్వర్ కంపెనీల టెక్నికల్ సపోర్ట్, డేటా సెంటర్ టెక్నీషియన్ పోస్టులు మరో దారి. డేటా సెంటర్ సంస్థ కంట్రోల్‌ఎస్ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. విశాఖపట్నంలో భారీ ఏఐ హబ్ నిర్మిస్తామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. డేటా సెంటర్ ఉద్యోగాల్లో రాత్రి షిఫ్టులు ఉంటాయి, దానికి మనసు సిద్ధం చేసుకోవాలి.

ఒక్క కార్డు, ఒక్క సాఫ్ట్‌వేర్ నేర్చుకుని ఆగిపోవద్దు. జెడ్‌ఎఫ్‌ఎస్, సెఫ్ లాంటి సాఫ్ట్‌వేర్ స్టోరేజ్ వ్యవస్థలు రెయిడ్ కార్డు అడ్డు లేకుండా డిస్కులను నేరుగా చూడాలనుకుంటాయి. పరికరాలు మారతాయి. ఒక డిస్కు పోయినా డేటా నిలబెట్టాలన్న సూత్రం, అంచెలవారీగా లోపం వెతికే పద్ధతి అక్కడా అక్కరకొస్తాయి.

ఇంటర్వ్యూలో

‘సాఫ్ట్‌వేర్‌లో కంట్రోలర్ కనిపించడం లేదు, ఏం చేస్తారు?’ అని అడిగితే రీఇన్‌స్టాల్ చేస్తామని మొదలుపెట్టకండి. డేటా అందుతోందో లేదో చూసి బ్యాకప్ తీయిస్తానని, లాగ్ భద్రపరుస్తానని, కమాండ్ లైన్‌తో లోపం పైన ఉందో కింద ఉందో తేలుస్తానని, ఒక్కోసారి ఒక్క మార్పే చేసి ఫలితం రాసుకుంటానని వరసగా చెప్పండి. ‘ఇది నా స్థాయి దాటింది, సీనియర్‌కు చెబుతాను’ అనే సందర్భం ఏదో కూడా చెప్పండి. తనకు తెలియనిచోట చేయి ఆపగల ఉద్యోగిని సంస్థలు నమ్ముతాయి.

ఈ నెలలోనే ల్యాబ్ మొదలుపెట్టండి. మీరు కల్పించి సరిచేసిన లోపాల్లో మూడింటి మీద ఒక్కో పేజీ నివేదిక తయారుచేయండి: కనిపించిన లక్షణం, చేసిన పరీక్ష, తేలిన కారణం, తీసుకున్న జాగ్రత్త. రెజ్యూమెతో పాటు వాటినీ పట్టుకెళ్లండి. అనుభవం ఉందా అని అడిగినప్పుడు బల్ల మీద పెట్టి చూపించడానికి మీ దగ్గర మీరు చేసిన పని ఉంటుంది.