ముంపు ఊళ్ల పిల్లలు: ప్యాకేజీ డబ్బు కోచింగ్ పాలు

పునరావాస కాలనీలో చదువుల గురించి చెప్పడానికి ఎవరు వెళ్లినా పెద్దవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: ‘‘సార్, మావాడికి ప్రాజెక్టులో ఉద్యోగం ఎప్పుడిస్తారు?’’ ఊరు పోయింది, పొలం పోయింది, గోదారి గట్టు పోయింది. ‘ఇంటికో ఉద్యోగం’ అన్న ఆశ ఒక్కటే సామానుతోపాటు కాలనీకి వచ్చింది. పోలవరం ప్రాజెక్టు కింద కదలాల్సినవి దాదాపు లక్ష కుటుంబాలు. వాటిలో కోయలు, కొండరెడ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఇంత పోగొట్టుకున్నవాళ్లు ఉద్యోగం అడగడంలో తప్పేమీ లేదు. అడగాలి, గట్టిగానే అడగాలి. అయితే ఆ జవాబు వచ్చేదాకా పది పాసైన పిల్లాణ్ని ఇంట్లో కూర్చోబెట్టడమే తప్పు.

2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలులో ఉద్యోగం ప్రస్తావన ఉన్నమాట నిజమే. ప్రాజెక్టు వల్ల కొలువులు ఏర్పడిన చోట, శిక్షణ ఇచ్చి కుటుంబంలో ఒకరికి పని చూపాలి. లేదంటే ఒకేసారి 5 లక్షల రూపాయలు ఇవ్వాలి. అదీ కాదంటే నెలకు 2,000కు తగ్గకుండా ఇరవై ఏళ్లు ఇవ్వాలి. ఇక కొలువుల సంగతి. పోలవరం జలవిద్యుత్ కేంద్రంలో ఒక్కోటి 80 మెగావాట్ల చొప్పున 12 యూనిట్లు, మొత్తం 960 మెగావాట్లు. అంత పెద్ద కేంద్రాన్ని కూడా నడిపేది కంట్రోల్ రూములో కూర్చున్న కొద్దిమందే. కట్టే రోజుల్లో ఉండే టిప్పర్లు, కాంక్రీటు పనులు డ్యామ్ పూర్తయిన మర్నాటి నుంచి ఉండవు. లక్ష ఇళ్లకు సరిపడా కుర్చీలు అక్కడ లేవు. అందుకే చేతికి వచ్చేది డబ్బే.

పాత ప్రాజెక్టుల చరిత్ర చూసినా ఇదే తేలుతుంది. శ్రీశైలం జలాశయం కోసం 1981లో ఊళ్లు ఖాళీ చేయించారు. నిర్వాసితుల కుటుంబాలకు నీటిపారుదల ప్రాజెక్టుల్లో ఉద్యోగాలిస్తామంటూ జీవో 98 వచ్చింది 1986లో. ఆ జీవో కాగితాలు పట్టుకుని కర్నూలు, పాలమూరు కలెక్టరేట్ల ముందు కూర్చున్నవాళ్లు ధర్నాల్లోనే నెరిసిపోయారు. కొందరికి చివరికి దక్కింది కాలువ కాపలా చూసే లష్కర్ పని. విశాఖ ఉక్కుకు 1971లో శంకుస్థాపన జరిగింది. అక్కడి నిర్వాసితుల్లో వేలమందికి ప్లాంటులో ఉద్యోగాలు వచ్చాయి, వాళ్ల బతుకులు మారాయి. మిగిలిన వేలమంది ఇళ్లలో నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డులు ఇప్పటికీ ట్రంకు పెట్టెల్లోనే ఉన్నాయి. తాతకిచ్చిన కార్డును మనవడు చూపిస్తున్నాడు.

ఇక డబ్బు లెక్క. పోలవరం పునరావాస ప్యాకేజీ గిరిజన కుటుంబానికి 6 లక్షల 86 వేలు, ఇతరులకు 6 లక్షల 36 వేలు. ఇందులో అసలు మొత్తం 5 లక్షలు. మిగతాది రవాణాకు, కొత్తచోట కుదురుకోవడానికి, ఏడాదిపాటు తిండికి. చట్టం ప్రకారం పద్దెనిమిది నిండిన ప్రతి ఒక్కరూ వేరే కుటుంబం కిందే లెక్క. అంటే ఇంటర్ చదివే కుర్రాడి ఖాతాలో, డిగ్రీ మొదటి ఏడాది అమ్మాయి ఖాతాలో ఒక్కరోజులో లక్షలు పడొచ్చు. అది చూడటానికి పెద్ద మొత్తమే. కానీ 5 లక్షలు బ్యాంకులో వేస్తే, ఏడు శాతం వడ్డీ అనుకున్నా నెలకు మూడు వేలు కూడా రాదు. ఊళ్లో ఉన్నప్పుడు అడవిలో కట్టెలు, ఏట్లో చేప, పెరట్లో కూరగాయలు ఉండేవి. వాటికి ఎప్పుడూ డబ్బు లెక్క కట్టలేదు. కాలనీలో అన్నీ కొనుక్కోవాల్సిందే. ఈ సంగతి మొదటి ఏడాది దాటాకే తెలిసొస్తుంది. ఈలోగా బైకు వచ్చేస్తుంది. బైకు కొన్నందుకు పిల్లల్ని తిట్టి లాభం లేదు. ఊరి నుంచి కాలేజీకి బస్సు వేయించలేని పెద్దలకు ఆ మాట అనే అర్హత తక్కువ.

బైకు కంటే కోచింగే ఎక్కువ మింగుతోంది. ఖాతాలో డబ్బు పడిందని తెలిసిన వెంటనే ఎవరో ఒక బంధువు సలహా ఇస్తాడు: ‘‘వాణ్ని గ్రూప్స్‌కో, కానిస్టేబుల్‌కో, డీఎస్సీకో కూర్చోబెట్టండి. ఎస్టీ రిజర్వేషన్ ఉంది, తేలిగ్గా కొడతాడు.’’ కుర్రాడు రాజమండ్రికో, విజయవాడకో, హైదరాబాద్ అశోక్‌నగర్‌కో వెళతాడు. కోచింగ్ ఫీజు ఒక్కసారే కడతాడు. హాస్టల్ అద్దె, మెస్సు, మెటీరియల్, టెస్ట్ సిరీస్ మాత్రం నెలనెలా డబ్బు లాగుతూనే ఉంటాయి. ఇక నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో దేవుడికే తెలియాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ డీఎస్సీ జరిగింది 2025లోనే. 16,347 పోస్టులన్నారు, మంచిదే. మధ్యలో పోయిన ఏళ్లకు హాస్టల్ అద్దె ఎవరిస్తారు? 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ ఇస్తే తుది ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. నాన్న జీతంతో బతికే ఇంటి పిల్లలు అన్నాళ్లు ఆగగలరు. ప్యాకేజీ తప్ప వెనక ఏమీ లేని ఇంటి పిల్లాడికి అది సాధ్యం కాదు. అతను ఖర్చుపెట్టేది మళ్లీ రాని డబ్బు.

పైగా చాలామంది గిరిజన తల్లిదండ్రుల లెక్క పాతకాలంలోనే ఆగిపోయింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ‘మన ఏజెన్సీ పోస్టు మనకే’ అన్న ధీమాతో బీఈడీలో చేరుస్తున్నవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. చదువు చెప్పడం మీద నిజంగా ఇష్టమున్నవాళ్లు బీఈడీ చదవాలి, తప్పకుండా చదవాలి. ‘ఏదో ఒకటి గవర్నమెంటుది’ అనుకునేవాళ్లకు మాత్రం ఆ దారి పొడవెక్కువ. మైదాన ప్రాంతానికి మారితే ఎస్టీ హోదా పోతుందన్న భయం కూడా చాలా ఇళ్లలో ఉంది. అది పోదు. రిజర్వేషన్ సహా ప్రయోజనాలన్నీ పునరావాస ప్రాంతంలోనూ కొనసాగాలని 2013 భూసేకరణ చట్టంలోని 42వ సెక్షన్ చెబుతోంది.

మరి ఏ దారి మంచిది? త్వరగా చేతికి పని వచ్చి, ఆ తర్వాత పై చదువుకు తలుపు తెరిచి ఉంచే దారి. పది తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు, పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్ మూడేళ్లు. ఐటీఐ అంటే తక్కువ చదువన్న చులకన మన మధ్యతరగతిది, అది కాలనీలకూ పాకింది. ఐటీఐ నుంచి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. నడుమ ఎక్కడ ఆగినా పని దొరుకుతుంది. బీటెక్ మూడో ఏడాదిలో ఆగిపోయినవాడి చేతిలో ఏమీ ఉండదు. పట్టిసీమ, తాడిపూడి లాంటి ఎత్తిపోతల పథకాల్లో మోటార్లు తిప్పడానికి, బాగుచేయడానికి తెలిసిన మనుషులు కావాలి. సబ్‌స్టేషన్లకు, సోలార్ ప్లాంట్లకు, రొయ్యల చెరువుల ఏరేటర్లకు కూడా కావాలి. కోర్సు అయ్యాక స్టైపెండుతో ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్ చేస్తే బయోడేటాలో అనుభవం చేరుతుంది. ప్రాజెక్టులోనో జెన్‌కోలోనో నోటిఫికేషన్ పడినరోజు దరఖాస్తు పెట్టగలిగేది కూడా ఇలాంటి కుర్రాడే.

మార్కులు బాగున్న పిల్లలు సర్కారు బడిలో ఉంటే నూజివీడు, శ్రీకాకుళం లాంటి ట్రిపుల్ ఐటీలను వదలొద్దు. అక్కడ ప్రవేశాలు పది మార్కులతోనే. ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు వెసులుబాటు కూడా ఉంది.

అమ్మాయిల సంగతి కొంచెం విడిగా చెప్పుకోవాలి. ఊరు మారే గొడవలో మొదట ఆగేది వాళ్ల చదువే. కొత్తచోట కాలేజీ దూరం, దారి తెలియదు, తోడు లేదు. ‘ఒక ఏడాది ఇంట్లో ఉండనీ’ అంటారు. ఆ ఏడాది పెళ్లితో ముగుస్తుంది. కస్తూర్బా విద్యాలయం, గిరిజన గురుకులం, ఏకలవ్య పాఠశాల లాంటి హాస్టల్ ఉన్న బడిలో సీటు ఉంటే, ఇల్లు ఎన్నిసార్లు మారినా చదువు మారదు. అందుకే ఇల్లు కదిలే ముందే ఆ సీటు చూసుకోవాలి. ఇంటర్ తర్వాత నర్సింగ్ మంచి దారి. అయితే బెంగళూరులో సీటు ఇప్పిస్తామంటూ కాలనీ చుట్టూ తిరిగే ఏజెంట్లతో జాగ్రత్త. కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడకుండా రూపాయి కట్టొద్దు. గుర్తింపు లేని కాలేజీలో మూడేళ్లు చదివినా రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేకుండా ఏ ఆసుపత్రీ స్టాఫ్ నర్సుగా తీసుకోదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏజెంటు చేతికి ఇవ్వడమంటే మెడ అప్పగించడమే.

సర్టిఫికెట్ల గురించి ఇంకో మాట. ప్యాకేజీకి పద్దెనిమిదేళ్లు ఏ తేదీ నాటికి నిండాలన్న దానిమీద కాలనీల్లో గొడవలున్నాయి. ఆ కొన్ని నెలల తేడా కోసం ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పిస్తే, పదో తరగతి మెమోతో పొంతన కుదరక పిల్లలు ప్రతి దరఖాస్తు దగ్గరా ఇరుక్కుంటారు. కటాఫ్ తేదీ మీద పోరాటం వేరు, కాగితం దిద్దడం వేరు. 2014లో ఖమ్మం జిల్లా ముంపు మండలాలు ఆంధ్రలో కలిశాయి, భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. ఇల్లు ఎటపాకలో, బడి భద్రాచలంలో ఉన్న పిల్లలకు స్థానికత తలనొప్పి అక్కడే మొదలవుతుంది. నాలుగు నుంచి పది దాకా ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్ బడి ఉండగానే తీసుకోవాలి. బడే మూతపడితే రికార్డు ఏ ఆఫీసుకు చేరిందో వెతుక్కోవడానికే నెలలు పడతాయి.

అసలు కాగితమే లేనివాళ్ల కష్టం ఇంకా పెద్దది. మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం సాగిన రోజుల్లో, 2005 తర్వాత, ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయల పిల్లలు భద్రాద్రి, ములుగు అడవుల్లో, చింతూరు వైపు పెరిగారు. తెలుగు నేర్చుకున్నారు, ఇక్కడి బడుల్లోనే చదివారు. కులధ్రువీకరణ పత్రం దగ్గరికి వచ్చేసరికి ‘మీరు ఇక్కడివాళ్లు కారు’ అంటారు. ఒక రాష్ట్రంలోని ఎస్టీ హోదా ఇంకో రాష్ట్రానికి దానంతటదే వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. అందువల్ల ఈ పిల్లలకు రిజర్వేషన్ సీటు మీద ఆశపెట్టి ఊరించడం అన్యాయం. ఓపెన్ స్కూలులో పది, ఆ తర్వాత ఏదో ఒక చేతిపని ట్రేడు వీళ్లకు దగ్గరి దారి. సొంత రాష్ట్రంలో పత్రం సంపాదించే ప్రయత్నం పక్కన సాగుతూ ఉండాలి.

దేశం దాటి వచ్చినవాళ్లకూ కాగితమే అడ్డు. తమిళనాడులోని శ్రీలంక శరణార్థి శిబిరాల్లో చదువు మీద పట్టుదల ఎక్కువ. 1984లో శరణార్థులే పెట్టుకున్న ఆఫర్ అనే సంస్థ చదువునే ఆయుధం చేసింది. ఎందరో డిగ్రీలు, ఇంజినీరింగ్ పూర్తిచేశారు. పౌరసత్వం లేని కారణంగా కంపెనీలు తీసుకోకపోవడంతో వాళ్లలో చాలామంది పట్టాలుండీ ఇళ్లకు రంగులు వేసే పనికి పోయారు. హైదరాబాద్ బాలాపూర్‌లో పెరుగుతున్న రోహింగ్యా పిల్లలకు ఆధార్ లేదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు కాబట్టి వాళ్లకు ప్రత్యేక హక్కుల చట్టమూ లేదు. ప్రభుత్వ బడిలో చేర్చుకొమ్మని అడగొచ్చని, కాదంటే హైకోర్టుకు వెళ్లొచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పై చదువుకు వచ్చిన శరణార్థి విద్యార్థులకు ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ద్వారా నడిచే డాఫీ స్కాలర్‌షిప్ ఉంది. జర్మనీ సాయంతో 1992లో మొదలైంది. సీట్లు కొద్ది, పోటీ ఎక్కువ. శరణార్థి కార్డు గడువు ముగియకుండా చూసుకుంటూ, ఇంటర్ మార్కులు నిలబెట్టుకున్నవాళ్లే దానికి దరఖాస్తు పెట్టగలరు.

వీళ్లతో పోలిస్తే పోలవరం ముంపు ఊళ్ల పిల్లల దగ్గర ఆధార్ ఉంది, కులపత్రం ఉంది, నిర్వాసితుల జాబితాలో పేరుంది. వేసవిలో ఐటీఐ అడ్మిషన్లు తెరుచుకుంటాయి, గోదారికి వరద జూలైలో వస్తుంది. ఇల్లు ఖాళీ చేయమని అధికారులు తొందరపెట్టేది సరిగ్గా ఆ రెండింటి నడుమే. సామాన్లు ట్రాక్టరెక్కే ముందు పిల్లల టీసీ, మెమో, స్టడీ సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి ఇంట్లో చదువుకున్నవాళ్ల చేతికిస్తే, దరఖాస్తు గడువు దాటిపోదు.