బ్రాకెట్ తెరిచాకే ఎంటర్ కొట్టండి

పైథాన్‌లో ఇండెంటేషన్ తప్పితే ప్రోగ్రామ్ నడవదని మొదటి క్లాసులోనే భయపెడతారు. బ్రాకెట్ల లోపల మాత్రం ఎన్ని ఖాళీలు వదిలినా పైథాన్ పట్టించుకోదు. అందుకే పొడవాటి లెక్కను నాలుగు వరుసలుగా విరిచి రాయాలంటే దాన్ని బ్రాకెట్లో పెట్టడమే మేలు. తర్వాతి వరుస ఎక్కడ మొదలవ్వాలో ఎడిటర్‌కు తెలిసేదీ ఆ బ్రాకెట్ వల్లే. విఎస్ కోడ్‌లో చేసి చూద్దాం.

ముందు ఫైల్‌ను డాట్ పీవై పేరుతో సేవ్ చేయండి, లేకపోతే ఎడిటర్ దాన్ని మామూలు టెక్స్ట్ అనుకుంటుంది. కింద కుడివైపు 'స్పేసెస్: 4' అని ఉండాలి. 'ట్యాబ్ సైజ్' అని కనిపిస్తే దాని మీద క్లిక్ చేసి, 'ఇండెంట్ యూజింగ్ స్పేసెస్' తీసుకుని, 4 ఎంచుకోండి. సెట్టింగ్స్‌లో 4 పెట్టినా మాట వినడం లేదా? ఫైల్‌లో ఇప్పటికే ఉన్న వరుసల్ని చూసి ఎడిటరే అంకె ఊహిస్తోందన్నమాట. 'డిటెక్ట్ ఇండెంటేషన్' టిక్కు తీసేయండి. 'ఆటో ఇండెంట్' ఎలాగూ 'ఫుల్' మీదే ఉంటుంది, ఎవరైనా కదిపితే తప్ప.

ఇప్పుడు అసలు పని. ఈక్వల్స్ తర్వాత బ్రాకెట్ తెరవండి. మూసే బ్రాకెట్ దానంతటదే పడుతుంది. కర్సర్ ఆ రెండింటి మధ్య ఉండగానే ఎంటర్ కొట్టండి. మూసే బ్రాకెట్ కిందికి దిగుతుంది, కర్సర్ నాలుగు ఖాళీలు లోపలికి జరిగి నిలబడుతుంది. ఇక రాసుకుంటూ పోవడమే:

మొత్తం = (
    బియ్యం
    + పప్పు
    + నూనె
)

(పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులోనూ పెట్టుకోవచ్చు. ఆఫీసు కోడ్‌లో మాత్రం వద్దులెండి.) కూడిక గుర్తు వరుస మొదట్లో ఉంటే ఏది కలుస్తోందో, ఏది తీసివేత అవుతోందో చూపు జారకుండా కనిపిస్తుంది. పైథాన్ శైలి నియమావళి పెప్ 8 సలహా కూడా ఇదే.

బ్రాకెట్ బదులు వరుస చివర బ్యాక్‌స్లాష్ పెట్టేవాళ్లున్నారు. దాని వెనక కంటికి కనపడని ఒక్క ఖాళీ మిగిలినా సింటాక్స్ ఎర్రరే. ఆ అలవాటు చేసుకోకండి.

ఎక్కడినుంచో తెచ్చి అతికించిన కోడ్ చిందరవందరగా ఉంటే 'రీఇండెంట్ లైన్స్' అనే కమాండ్ ఊరిస్తుంది. పైథాన్‌లో దాని జోలికి పోవద్దు. ఏ వరుస ఏ బ్లాకుదో అది ఊహించి సర్దుతుంది, ఊహ తప్పితే ప్రోగ్రామ్ అర్థమే మారిపోతుంది. దానికన్నా బ్లాక్ ఫార్మాటర్ ఎక్స్‌టెన్షన్ వేసుకుని, విండోస్‌లో అయితే షిఫ్ట్, ఆల్ట్, ఎఫ్ కలిపి నొక్కండి. లెక్క 88 అక్షరాల్లో పట్టేస్తే బ్లాక్ మీ వరుసలన్నిటినీ కలిపి ఒక్కటి చేసేస్తుంది, కంగారుపడకండి. లిస్టుల్లో చివరి అంశం తర్వాత కామా ఉంచితే ఒక్కో వరుసకు ఒక్కో అంశం చొప్పున అలాగే వదిలేస్తుంది. ఆ చిట్కా పైన రాసిన లెక్కకు మాత్రం వాడకూడదు: నూనె తర్వాత కామా పెట్టారంటే మొత్తం సంఖ్యగా ఉండదు, టపుల్ అయి కూర్చుంటుంది.