ఎండోస్కోపు గొట్టం శుభ్రత – ఆ గంటసేపు ఏమి జరుగుతుంది?

ఎండోస్కోపీ పరీక్షకు వచ్చినవారు, వారి వెంట వచ్చిన బంధువులు మమ్మల్ని తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. "ఈ గొట్టం ఇంతకుముందు వేరొకరికి వేసినదేనా?" అన్నది మొదటిది. "పరీక్ష పది నిమిషాలే అన్నారు, మరి ఇంతసేపు ఎందుకు కూర్చోబెట్టారు?" అన్నది రెండవది. ఈ రెండింటికీ జవాబు గొట్టాలు కడిగే గదిలో ఉంది. అక్కడ జరిగే పనిని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాము.

గొట్టాన్ని ఆవిరిలో ఎందుకు పెట్టరు?

ఆపరేషనుకు వాడే కత్తులు, కత్తెరలను ఆటోక్లేవులో వేడి ఆవిరితో క్రిమిరహితం చేస్తారు. కడుపు, ప్రేగు చూసే మామూలు ఎండోస్కోపు ఆ వేడికి పాడైపోతుంది. అందులో కెమెరా, సన్నని తీగలు, అంటించిన అతుకులు ఉంటాయి. పైగా గొట్టం లోపల సుమారు 3 మిల్లీమీటర్ల వెడల్పుతో, మీటరుకు మించిన పొడవుతో ఒక దారి ఉంటుంది. పరీక్షకు ముక్క తీసే పరికరం ఆ దారిగుండానే వెళ్తుంది. రక్తం, జిగురు చేరేది కూడా అక్కడే. అందుచేత ఈ గొట్టాలను చేతితో కడిగి, తరువాత మందు ద్రావణంలో నానబెట్టి సూక్ష్మజీవులను చంపుతారు.

శుభ్రపరచే వరుస

1. పరీక్ష ముగియగానే, రోగి మంచం పక్కనే గొట్టం బయటి భాగాన్ని తుడిచి, లోపలి దారిలోకి శుభ్రపరచే ద్రావణాన్ని పీల్చాలి.
2. మూత ఉన్న ట్రేలో కడిగే గదికి తీసుకువెళ్లి, గొట్టానికి ఎక్కడైనా చిల్లు పడిందేమో గాలి ఎక్కించి పరీక్షించాలి.
3. ఎంజైము ద్రావణంలో ముంచి, దారులన్నిటినీ తగిన బ్రష్‌తో తోమాలి. బ్రష్ రెండవ చివర శుభ్రంగా బయటకు వచ్చేవరకు తోమి, నీటితో కడగాలి.
4. క్రిమినాశక ద్రావణంలో పూర్తిగా ముంచాలి. 2 శాతం గ్లుటరాల్డిహైడ్‌కు సాధారణంగా 20 నిమిషాలు పడుతుంది. ద్రావణం బలాన్ని పరీక్ష పట్టీతో చూస్తూ ఉండాలి. గడువు మిగిలి ఉన్నా బలం తగ్గితే పారబోయాలి.
5. మందు మిగలకుండా శుభ్రమైన నీటితో కడగాలి. మిగిలిన మందు ప్రేగు లోపలి పొరను మండిస్తుంది.
6. దారుల్లోకి గాలి పంపి ఆరబెట్టి, బీరువాలో నిలువుగా వేలాడదీయాలి.

వీటిలో అతి ముఖ్యమైనది మూడవది. పాలగిన్నెను వెంటనే తోమితే సులువుగా శుభ్రపడుతుంది. అడుగు ఎండిపోయాక ఎంత సబ్బు పోసినా వదలదు. గొట్టంలోనూ అంతే. మురికి ఎండితే దాని చాటున బాక్టీరియా జిగురు పొరగా అతుక్కుంటాయి. ఆ పొర కిందికి మందు చేరదు. కడిగే యంత్రాలు ఉన్న ఆసుపత్రులలో కూడా చేతితో తోమే పని తప్పదు. అలాగే తడిగా వదిలిన గొట్టంలో రాత్రికి రాత్రే బాక్టీరియా పెరుగుతాయి. అందుకే అమెరికాలో 2021లో వచ్చిన ప్రమాణాలు కనీసం 10 నిమిషాలు గాలితో ఆరబెట్టాలని చెప్పాయి.

లాస్ ఏంజిల్స్ నేర్పిన పాఠం

2015 ఫిబ్రవరిలో అమెరికాలోని లాస్ ఏంజిల్స్‌లో, యుసిఎల్‌ఎ విశ్వవిద్యాలయపు రోనాల్డ్ రీగన్ ఆసుపత్రి 179 మంది రోగులకు హెచ్చరిక పంపింది. పైత్యరస నాళాలను చూసే డుయోడినోస్కోపుల ద్వారా, చాలా మందులకు లొంగని బాక్టీరియా ఏడుగురికి సోకినట్లు అప్పుడు తెలిపారు. ఇద్దరి మరణానికి అది తోడైందని కూడా ప్రకటించారు. తయారీదారు చెప్పిన విధంగానే కడిగామని ఆసుపత్రి తెలిపింది. ఆ గొట్టం కొనలో పరికరాన్ని పైకెత్తే చిన్న మీట ఉంటుంది. దాని వెనుక సందుల్లోకి బ్రష్ సరిగా అందదు. 2019లో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ, కొన భాగాన్ని వాడి పారవేయగల కొత్త రకం డుయోడినోస్కోపులకు మారమని ఆసుపత్రులను కోరింది. కడుపును చూసే మామూలు ఎండోస్కోపుకు ఈ మీట ఉండదు. అయినా కంటికి శుభ్రంగా కనబడినంత మాత్రాన సరిపోదన్న పాఠం అందరికీ వర్తిస్తుంది.

ఆలస్యం ఎలా తగ్గుతుంది?

ఒక లెక్క చూద్దాము. పరీక్షకు 10 నిమిషాలు, శుభ్రపరచడానికి 50 నిమిషాలు అనుకుంటే ఒక గొట్టం గంటకు ఒకరికే పనికివస్తుంది. రెండు గొట్టాలతో పదిమందికి చేయాలంటే నాలుగు గంటలు దాటుతుంది. మూడు గొట్టాలుంటే మూడు గంటలకు కొంచెం పైన సరిపోతుంది. అదే రెండు గొట్టాలు, కడిగేవారు లేక ప్రతిసారీ 20 నిమిషాలు ట్రేలో పడి ఉంటే, చివరివారి వంతు ఐదు గంటలు దాటాక గాని రాదు. అంతసేపూ వారు పరగడుపున ఉంటారు.

అటువంటప్పుడు నానబెట్టే సమయాన్ని తగ్గించాలనిపించడం సహజం. అది చేయకూడదు. తగ్గించవలసినది గొట్టం ఊరికే పడి ఉండే సమయం. కడిగే పనికి శిక్షణ పొందిన ఒకరిని కేటాయించి, మధ్యలో వేరే పనికి పిలవకూడదు. బ్రష్‌లు, ద్రావణాలు ఉదయమే సిద్ధం చేయాలి. ఒక గొట్టం మందులో నానుతుండగా రెండవదాన్ని తోమవచ్చు. మురికి గొట్టం ఒక వైపు నుండి వచ్చి, శుభ్రమైనది వేరొక వైపు నుండి వెళ్లాలి. అప్పుడు రెండూ కలిసిపోవు, వెతుకులాట ఉండదు. ఏ గొట్టం ఎవరికి వాడారు, ఎవరు ఎప్పుడు కడిగారు అన్నది రిజిస్టరులో రాయాలి. తరువాత ఎవరికైనా జ్వరం వస్తే వెనుకకు వెళ్లి చూడడానికి అదే ఆధారం. ఎండకముందే కడిగితే శుభ్రతా బాగుంటుంది, సమయమూ కలిసివస్తుంది.

మీరు గమనించవలసినవి

• ఎవరికి ఏ జబ్బు ఉన్నా, లేకపోయినా, ప్రతి గొట్టాన్నీ ఒకే విధంగా శుభ్రపరచాలి. హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి ఉన్నవారి తరువాత మీ వంతు వచ్చినా, పైన చెప్పిన వరుస పాటిస్తే భయపడనక్కరలేదు. ఆ వైరస్‌లు ఈ మందుకు చనిపోతాయి.
• "గొట్టం ఎలా కడుగుతారు?" అని ఏ ఆసుపత్రిలోనైనా అడగండి. అది మీ హక్కు. ఎవరూ నొచ్చుకోరు.
• చక్కెర వ్యాధి ఉన్నవారు తేదీ తీసుకునేటప్పుడే చెప్పండి. ఉదయం ముందు వరుసలో చేయించుకోవడం మంచిది.
• పరీక్ష తరువాత జ్వరం, చలి, తీవ్రమైన కడుపునొప్పి, రక్తపు వాంతి, నల్లని విరేచనం కనిపిస్తే ఆలస్యం చేయక వెంటనే ఆసుపత్రికి రండి.
• త్వరగా కానివ్వమని సిబ్బందిని తొందరపెట్టవద్దని మనవి. మీరు బయట కూర్చున్న ఆ సమయంలో కడుగుతున్నది మీకు వేయబోయే గొట్టమే.