పువ్వులో పడినది తేనెలో చేరుతుంది

ఆయుర్వేదంలో తేనె శ్రేష్ఠమైన అనుపానం. ఏ ఔషధంతో కలిపితే దాని గుణాన్ని గ్రహించి పెంపొందిస్తుంది గనుక దీనిని ‘యోగవాహి’ అన్నారు. సుశ్రుతుడు తేనెలను ఎనిమిది విధాలుగా విభజించాడు. పరస్పర విరుద్ధ గుణాలు గల నానావిధ పుష్పాల రసం నుండి, విషం గల ఈగల వలన పుట్టినది కాబట్టి తేనెను వేడితో వాడరాదని హెచ్చరించాడు. పువ్వు గుణమే తేనె గుణమన్న ఆ ఎరుక నేడు మరింత అవసరం.

మకరందం, పుప్పొడి

తేనెటీగల ఆహారం ముఖ్యంగా ఈ రెండే. మకరందం శక్తినిచ్చే తీపి రసం. ఈగలు దానిని పట్టుకు తెచ్చి, తమ నోటి రసాలు కలిపి, రెక్కలతో విసిరి నీటిని ఇగిర్చి తేనెగా మారుస్తాయి. పుప్పొడి మాంసకృత్తులు, కొవ్వు, విటమినులు ఇస్తుంది. పడుచు ఈగలు పుప్పొడిని తిని, తలలోని గ్రంథుల నుండి స్రవించే రసంతో పిల్లపురుగులను పెంచుతాయి. మకరందం శ్రమించే ఈగలకు కూడు. పుప్పొడి పసివాటికి పాలవంటిది.

విషం చేరే దారులు

నల్ల గ్రానైటుకు పేరొందిన చీమకుర్తి ఉన్న ప్రకాశం జిల్లాలోను, పొరుగున ఉన్న గుంటూరు మైదానాలలోను మిరప, పత్తి ముఖ్యమైన పంటలు. 2021లో నల్ల తామర పురుగు ఈ ప్రాంతపు మిరపను తీవ్రంగా దెబ్బతీసింది. అది పూలలో చేరి నష్టపరుస్తుంది గనుక రైతులు పూత మీదనే పదేపదే మందులు చల్లారు. అలా చల్లిన మందు పుప్పొడికి నేరుగా అంటుతుంది.

రెండవ దారి కంటికి కనబడదు. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందును పత్తి విత్తనానికి పట్టించినా, ఆకుపై చల్లినా, అది మొక్క రసంలో కలిసి మకరందానికి, పుప్పొడికి చేరగలదు. పత్తికి ఆకుల అడుగున కూడా తేనె గ్రంథులుంటాయి. అందువలన పూత లేనప్పుడు సైతం ఈగలు చేనికి వస్తాయి. స్వల్పమాత్ర ఈగను వెంటనే చంపకపోయినా, పట్టుకు తిరిగివచ్చే దారిని మరపించవచ్చు. తేనెటీగలకు కలిగే ముప్పు కారణంగా ఐరోపా సమాఖ్య 2018లో ఇమిడాక్లోప్రిడ్‌తో సహా మూడు మందులను ఆరుబయట వాడకుండా నిషేధించింది.

ప్రపంచం నలుమూలల నుండి సేకరించిన 198 తేనె నమూనాలను పరీక్షించి, 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, నూటికి 75 నమూనాలలో ఈ జాతి మందుల జాడ కనిపించింది. అధికభాగం నమూనాలలో అది మనుషుల ఆహారానికి విధించిన హద్దుకు లోబడే ఉన్నది. కాబట్టి భయపడి తేనె మానవలసిన పనిలేదు. అయితే ఆ హద్దు మన కోసం ఏర్పరచినది. ఈగ దేహం అతి చిన్నది, దానికి వేరే ఆహారం లేదు.

ఇంటివారు గుర్తుంచుకోవలసినవి

1. నీటిచుక్క, అగ్గిపుల్ల పరీక్షలు పురుగుమందు జాడను తెలుపలేవు. వేడిచేస్తే తేనె గుణం చెడుతుందే గాని శుద్ధి కాదు.

2. తేనె కొనేటప్పుడు పట్టు ఎక్కడిదో అడగండి. మందు చల్లిన చేల గట్ల మీది తేనెను ఔషధానికి వాడకండి.

3. బలానికని పుప్పొడి తినేవారు జాగ్రత్త వహించాలి. మందుల శేషం సాధారణంగా తేనెలో కంటే పుప్పొడిలోనే ఎక్కువ. పుప్పొడి పడనివారు, ఉబ్బసం ఉన్నవారు వైద్యుని అడగకుండా వాడరాదు.

4. ఏడాది నిండని శిశువుకు ఎంత మంచి తేనె అయినా నాకించరాదు. అందులో ఉండగల సూక్ష్మజీవి బీజాలు ప్రాణాపాయం కలిగించవచ్చు.

5. పెరటి మొక్కలు పూతమీద ఉండగా వేపనూనె సైతం పగటిపూట చల్లకండి. చేను గలవారు తామర పురుగుకు నీలిరంగు జిగురు అట్టలు పెట్టవచ్చు. మందు తప్పనిసరి అయితే ఈగలు పట్టుకు చేరిన తరువాత, సాయంకాలం చల్లాలి.

సీసాలోని తేనె స్వచ్ఛత చేనిలోనే మొదలవుతుంది. ఈగ కూటిని కాపాడుకుంటే మన ఔషధాన్ని కాపాడుకున్నట్లే.