చర్మంపై చారలు - లేపనాలు చేయగలిగినది, చేయలేనిది

గర్భిణి పొట్ట గోక్కుంటే చారలు పడతాయని పెద్దలు హెచ్చరించడం తెలుగిళ్లలో పరిపాటి. నిజానికి గోళ్లకూ ఈ చారలకూ సంబంధం లేదు. చర్మం సాగేటప్పుడు దురద పుడుతుంది. చారలు కూడా అప్పుడే ఏర్పడతాయి. ఒకే కారణానికి ఇవి రెండు ఫలితాలు. అయితే అరచేతులలో, అరికాళ్లలో, ముఖ్యంగా రాత్రివేళ తీవ్రమైన దురద ఉంటే అది కాలేయానికి సంబంధించిన సమస్య కావచ్చును కనుక వెంటనే వైద్యునికి తెలపాలి.

ఆంగ్లంలో స్ట్రెచ్ మార్క్స్ అని పిలువబడే ఈ చారలు పైపొరలో కాక, దాని దిగువనున్న అంతశ్చర్మంలో ఆరంభమవుతాయి. అంతశ్చర్మానికి బలాన్నిచ్చేది కొల్లాజెన్ అనే ప్రోటీను. సాగి తిరిగి యథాస్థితికి వచ్చే గుణాన్నిచ్చేది ఎలాస్టిన్. బట్ట చిరగకపోయినా నేతలో పోగులు జరిగి పలచబడిన చోటు ఎలా ఉంటుందో, ఈ చార అలాంటిది. శరీరం త్వరగా పెరగడం, హార్మోనుల ప్రభావం, వంశపారంపర్యం కలిసి దీనికి కారణమవుతాయి. కనుకనే గర్భిణులతో పాటు ఎదిగే పిల్లలలోనూ, వేగంగా బరువు పెరిగినవారిలోనూ ఇవి కనిపిస్తాయి.

ఎదిగే మగపిల్లల నడుముపై అడ్డంగా పడే చారలను దెబ్బల వాతలుగా పొరబడిన సందర్భాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. విదేశాలలో పాఠశాల అధికారులు ఈ విషయమై ప్రశ్నిస్తే తల్లిదండ్రులు కలవరపడక, శిశువైద్యునిచే పరీక్ష చేయించడం మంచిది.

కొత్త చారలు ఎరుపు లేదా ఊదారంగులోనూ, చామనఛాయ చర్మంపై ముదురు గోధుమరంగులోనూ ఉంటాయి. కాలక్రమాన అవి వెలిసి, తెల్లని మచ్చలుగా మిగులుతాయి. చికిత్సకు కొంత అవకాశమున్నది తొలిదశలోనే.

కొల్లాజెన్ కలిపిన లేపనాలు ఈ లోపాన్ని పూరించలేవా అన్న ప్రశ్న సహజం. కొల్లాజెన్ అణుభారం సుమారు 3,00,000 డాల్టన్లు. 500 డాల్టన్లు మించిన అణువులు ఆరోగ్యవంతమైన చర్మంలోకి చొరబడడం చాలా కష్టం. కావున ఆ కొల్లాజెన్ చర్మం పైనే ఉండిపోతుంది. నువ్వులనూనె, కొబ్బరినూనె మర్దన పొడిదనాన్ని తగ్గించి హాయినిస్తుంది, అంతవరకే. 800 మంది గర్భిణులపై జరిగిన 6 పరీక్షలను 2012లో కాక్రేన్ సంస్థ సమీక్షించగా, పైపూతలు చారలను నివారిస్తాయనడానికి నాణ్యమైన ఆధారం లభించలేదు.

విటమిన్ ఎ నుండి లభించే ట్రెటినాయిన్ అణుభారం దాదాపు 300 మాత్రమే. 1996లో 22 మందిపై జరిగిన చిన్న పరీక్షలో 0.1 శాతం ట్రెటినాయిన్‌ను 24 వారాలు వాడిన 10 మందిలో 8 మందికి కొత్త చారలు స్పష్టంగా తగ్గాయి. మందులేని లేపనం వాడిన 12 మందిలో ఒక్కరికే ఆ ఫలితం కనిపించింది. గర్భిణులు మాత్రం ఈ మందును వాడరాదు. లేజరు చికిత్స చారలను కొంత తగ్గించగలదు గాని, మన చర్మఛాయపై నల్లమచ్చలు మిగిల్చే ప్రమాదముంది. అనుభవజ్ఞుడైన చర్మవైద్యుని సలహా అవసరం.

అన్నింటికంటే జాగ్రత్త వహించవలసినది స్టెరాయిడ్ లేపనాల విషయంలో. స్వదేశం నుండి పచ్చళ్లతో పాటు పెట్టెలలో వచ్చే తామర మందులు, తెల్లబరచే క్రీములు కొన్నింటిలో క్లోబెటసాల్, బెటామెథసోన్ వంటివి ఉంటాయి. ఇవి కొల్లాజెన్ తయారీని తగ్గించి చర్మాన్ని పలచబరుస్తాయి. గజ్జలలో, చంకలలో దీర్ఘకాలం పూస్తే శాశ్వతమైన చారలు పడతాయి. ఇటువంటి పలు లేపనాలను వైద్యుని చీటీ లేనిదే విక్రయించరాదని భారత ప్రభుత్వం 2018లో నిర్దేశించింది. గొట్టంపై ఉన్న పేర్లు చదవకుండా ఏ లేపనమూ పూయరాదు. అయితే వైద్యుడు వ్రాసిచ్చిన స్టెరాయిడ్ మందును ఆయనను సంప్రదించకుండా మానడం కూడా తగదు.

సెంటీమీటరు కంటే వెడల్పైన ముదురు ఊదారంగు చారలతో పాటు ముఖం గుండ్రబడడం, రక్తపోటు పెరగడం, చర్మం సులువుగా కమిలిపోవడం కనిపిస్తే శరీరంలో కార్టిసాల్ అధికమైందేమో పరీక్షించాలి. ఇటువంటి లక్షణాలు లేని సాధారణ చారలు వ్యాధి కావు. వాటికి చికిత్స చేయించుకోకపోయినా ఆరోగ్యానికి ఎట్టి హానీ లేదు.